క్షేత్రము లేని కీర్తన

ఆంధ్రవాఙ్మయమునఁ గీర్తన చిరకాలము క్షేత్రము నాశ్రయించి పెరిగినది. అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనములకు వేంకటాద్రియు, క్షేత్రయ్య పదములకు మువ్వగోపాలుని సన్నిధియు, రామదాసు కీర్తనలకు భద్రాద్రియు నాధారభూములు. పాట విన్నంతనే యే కొండమీఁది యే మూర్తి యెదుటఁ గవి నిలిచెనో శ్రోతకు స్ఫురించును. ఈ సంప్రదాయము ప్రసాదించిన పల్లవిచరణములతోను, రాగతాళములతోను పందొమ్మిదవ శతాబ్దియందుఁ గ్రీస్తును గీర్తించిన కవి పురుషోత్తమ చౌదరి (1803–1890). ఆయన కీర్తనలకుఁ గొండ లేదు, కోవెల లేదు, పూలతో నలంకరింపఁదగిన మూర్తి లేదు. ఈ లేమి యాయన కవితకుఁ గొఱతయా, గుణమా యనునది విచారణీయము. ఈ ప్రశ్నకుఁ జెప్పు సమాధానమును బట్టియే తెలుఁగునాట క్రైస్తవుఁ డన నెవ్వఁడు, ఆరాధన యన నేమి యను విషయములును దేలును.

చౌదరి గంజాము ప్రాంతమున బ్రాహ్మణకుటుంబమునఁ బుట్టి, 1833వ సంవత్సరమున బాప్తిస్మము పొంది, శేషజీవితమును మతబోధయందుఁ గడపెను. త్యాగరాజు (1767–1847) కావేరీతీరమున రాముని గీర్తించుచున్న కాలముననే యీయనయు యౌవనము గడపెను. ఆయన రచనలు పెక్కులు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను సంపుటమునఁ జేరి, శీర్షమున రాగతాళముల పేళ్లతో నేఁటికిని ముద్రింపఁబడుచున్నవి. దేవాలయములం దాదివారమునఁ బాడఁబడుచున్నవి.

ఈ కీర్తనలను గూర్చి రెండు విధములైన యాక్షేపణలు వినఁబడును. పాతకోకకుఁ గ్రొత్తయంచు గుట్టినట్లు, భక్తిగీతములలో దైవము పేరు మాత్రము మార్చి పాడుటయే గాని యిందు విశేషము లేదని యొక పక్షము. నాథ, త్రాహి, ముక్తి మున్నగు పదములు పూర్వమతభావములను వెంటఁ బెట్టుకొని వచ్చునుగాన నివి శుద్ధ క్రైస్తవములు కావని రెండవ పక్షము. మొదటి పక్షము పండితులది. రెండవది మతశుద్ధిని గోరువారిది. ఇవి పరస్పరవిరుద్ధములుగాఁ దోఁచినను వీని మూలమొక్కటియే. మతస్వరూపము పదములయందున్నదని యిరువాగులును నమ్ముచున్నవి. పదము ననుసరించి మతము నిర్ణయించుట, వేషమును జూచి మనుజుని నిర్ణయించుట వంటిది. ఆర్. ఆర్. సుందరరావుగారు 1983లోఁ బ్రకటించిన యాంగ్లగ్రంథమునఁ దెలుఁగు క్రైస్తవకీర్తనలలోని భక్తితత్త్వమును బ్రత్యేకముగా విచారించిరి. ఆ విచారణకుఁ బిమ్మటనైనను జర్చ పదములకడనే యాఁగిపోవుట తగదు.

క్షేత్రము లేకుండుటకుఁ గల హేతువు సువార్తయందే యున్నది. యోహాను సువార్త నాలుగవ యధ్యాయమున సమరయస్త్రీ యేసును, ఆరాధింపవలసిన చోటు తమ కొండయా, యెరూషలేమా యని యడుగును. ఆయన రెండును గాదని, ఆత్మతోను సత్యముతోను ఆరాధించుటయే తండ్రికిఁ బ్రియమని యుత్తరమిచ్చును. పౌలు రోమీయులకు వ్రాసిన లేఖ పండ్రెండవ యధ్యాయమున నీ భావమునే యింకొక మెట్టెక్కించి, భక్తుని శరీరమే సజీవమైన బలి యనియు, నట్టి సమర్పణమే యుక్తమైన సేవ యనియు బోధించెను. ఇఁక వేఱు బలిపీఠముతోఁ బని యేమి? మానవుఁడు దినమెల్ల నడచిన నడతయే యర్చన. కావునఁ జౌదరి కీర్తనలలోఁ గ్షేత్రవర్ణనము లేకుండుట యనుకరణదోషము గాదు. పాడువాని జీవితమే క్షేత్రస్థానమును బూరింపవలసి యున్నది. పాట యిచ్చట ఖాళీ విడిచినది. పాడువాఁడు దానిని నింపవలెను.

దీని కొక ప్రత్యాఖ్యానము గలదు. క్షేత్రనిరసనము తెలుఁగునకుఁ గ్రొత్త గాదు. వేమన శిలాపూజను బలుమాఱు పరిహసించెను. త్యాగరాజును దన యింటి విగ్రహము నెదుటఁ బెట్టుకొని పాడెనే గాని, యొక్క క్షేత్రమునకే బద్ధుఁడు గాఁడు. నిజమే. అయినను వేమన మార్గ మేకాంతయోగి మార్గము. త్యాగరాజు సాధన శిష్యపరంపర గల సంగీతసాధన. చౌదరి కీర్తన యట్లు గాక, పల్లె గుంపుగాఁ గూడి యొక్క గొంతుతోఁ బాడుటకుఁ దగినది. ఒకని విరాగమునకును, ఒక సంఘము తన నిత్యాచారమును మార్చుకొనుటకును గల భేద మిచ్చటఁ బరిశీలింపవలసినది.

ఆ సంఘ మెట్టిదో యొంగోలు ప్రాంతపు చరిత్రము తెలుపును. 1866లో బాప్తిస్మము పొందిన యెఱ్ఱగుంట్ల పేరయ్య మాదిగకులమువాఁడు. పూర్వము రాజయోగమును సాధించినవాఁడు. 1876–78 నాఁటి మహాక్షామమునఁ బాదరి జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువత్రవ్వకమునఁ గొంతభాగమును గుత్తకుఁ దీసికొని యాఁకలిగొన్నవారికిఁ బని కల్పించెను. తిండికై మతము పుచ్చుకొందురను శంకచేత నా దినములలో బాప్తిస్మములను నిలిపివేసెను. పిమ్మట 1878 జూలై 3వ తేదీన నొక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. 1914లో వెలువడిన క్లౌ జీవితగ్రంథమునుబట్టి చూడఁగా నీ నూతనసంఘములకు విధింపఁబడిన ముఖ్యనియమములు మూఁడు: ఆదివారమునఁ బని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములఁ బూజింపరాదు.

ఈ నియమములలో సిద్ధాంతచర్చ యించుకయు లేదు. అన్నియు దినచర్యకుఁ జెందినవే. కాని దినచర్యను మార్చుకొనుట సిద్ధాంతమును మార్చుకొనుటకంటెఁ గష్టతరము. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టుట మాదిగల కులధర్మముగా నెంచఁబడుచుండెను. డప్పు కొట్టననువాఁడు మతవాదము చేయుటలేదు. గ్రామవ్యవస్థలోఁ దన కేర్పడిన స్థానమును నిరాకరించుచున్నాఁడు. ఆదివారము పొలమునకు రాననువాఁడు కాపునకు నష్టము గలిగించుచున్నాఁడు. కావుననే యట్టివారికి బెదరింపులును బాధలును దప్పలేదు. వారి క్రైస్తవత్వము పేరులోఁ గాక యీ నిరాకరణములో బయటపడినది.

ఈ దృష్టితో 'దాసుఁడు' అను నొక్కపదమును బరిశీలించిన, రెండు పక్షములవారి యాక్షేపణలును నిలువవు. బ్రాహ్మణకుటుంబమునఁ బుట్టిన కవి తన్ను దాసుఁడని చెప్పుకొన్నప్పు డది వినయము, పూర్వభక్తుల యొరవడి. ఆ పదమునే తరతరములుగా వెట్టిచాకిరి చేసినవాఁడు ప్రార్థనలోఁ బలికినప్పు డర్థము తలక్రిందగును. అతఁడు క్రొత్తగా దాసుఁడగుట లేదు. తన యజమాని వేఱొకఁడున్నాఁడని చాటుచున్నాఁడు. కవికి నమ్రతగానున్న పదము పాడువానికి స్వాతంత్ర్యప్రకటన మైనది. అక్షరము మాఱలేదు, రాగము మాఱలేదు, పలికిన నోరు మాఱినది. కీర్తనార్థమును నిఘంటువునందు మాత్రమే వెదకు విమర్శకునకు నీ మార్పు కానరాదు.

గుణమును జెప్పిన నోటనే కొఱతను జెప్పుట ధర్మము. చౌదరి కవిత యనుతాపమునందును, క్షమాప్రార్థనయందును, సిలువశ్రమల స్మరణయందును బ్రధానముగా నిలిచినది. ఏ జీవితము క్షేత్రస్థానమును బూరించినదో యా జీవితము, ఆ పొలము, ఆ తోలుపని, ఆ వెలివాడ కీర్తనకు వస్తువులై రాలేదు. పాడువారు తమ యర్థమును పాటలోఁ బోసికొనిరే గాని పాట వారిని వర్ణింపలేదు. ఈ లోపము తీఱుట కింకొక శతాబ్దియు, నింకొక కవియు నవసరమైరి. గుఱ్ఱము జాషువ (1895–1971) 1941లోఁ బ్రకటించిన 'గబ్బిలము'న, గుడిలోని కడుగిడ నధికారము లేని మనుజుఁడు, గుడిలో నిరాటంకముగ వసించు గబ్బిలముచేత శివునకు సందేశము పంపును. క్షేత్రము లేని కీర్తనకుఁ బ్రక్కన క్షేత్రము మూయఁబడిన మనుజుని కావ్యమును నుంచి చదివినఁగాని తెలుఁగునాటి యారాధనాచరిత్రము సమగ్రము గాదు. ఈ జాషువయే పిదప 'క్రీస్తు చరిత్ర'ను రచించి, దానికి 1964లోఁ గేంద్రసాహిత్య అకాడెమీ బహుమానము నందెను. కులభేదము సంఘములలోనికిని బ్రవేశించిన దను సంగతి మఱువరానిది. దినచర్యను దేవున కర్పించినవారికిఁ బీటలకడ భేదము చూపినచో నా కీర్తన యంతమేరకు ఖాళీగానే మిగిలిపోవును.

కావున నీ కీర్తనలను బరిష్కరించువారు రాగతాళములను, పాఠభేదములను మాత్రమే గాక, యే పల్లెలో నెవ్వరు, ఏ పనిపాటుల నడుమ వానిని బాడిరో యా వృత్తాంతమును గూడ సేకరింపవలెను. వృద్ధుల నోటనున్న యా వృత్తాంతము వారితోడనే యంతరించును. బడిలో రామదాసును బోధించు పండితుఁడు చౌదరిని గూడ నొక గంట బోధించినచో, విద్యార్థికిఁ గీర్తన యను ప్రక్రియయొక్క వ్యాప్తి తెలియును. భద్రాద్రి కీర్తన శ్రోతను గుడిలోనికిఁ గొనిపోవును. చౌదరి కీర్తన యాతని నింటికిని, పొలమునకును మరలఁ బంపును. సోమవారమునాఁడు వాఁడు నడచిన తీరే యాదివారమునాఁటి పాటకు వ్యాఖ్యానము.