వలందా, పరాసు, బుడతకీచు: తెలుగున విదేశనామముల రాక

విదేశముల పేర్లు తెలుగున నెట్లు ప్రవేశించినవను ప్రశ్న పైకి చిన్నదిగా దోచును. వానిలో పెక్కింటిని పామరుల నోట చెడిన రూపములని త్రోసిపుచ్చుట కలదు. ఈ తీర్పు పునర్విమర్శకు తగినది. ఒక దేశమునకు మనమిడిన పేరు ఆ దేశముకంటె, దానిని మనకు ఎఱుకపఱచిన వారిని ఎక్కువగా తెలుపును.

మొదట కావ్యసాక్ష్యము. శ్రీనాథుడు హరవిలాసమున అవచి తిప్పయసెట్టి తెప్పించిన దూరదేశపు సరకులను వర్ణించెను. సింహళపు టేనుగులు, హురుముంజి గుఱ్ఱములు, భోటదేశపు కస్తూరి, చీనాంబరములు అందు గలవు. భోటమనగా టిబెట్టు, హురుముంజి పారసీక సింధుశాఖ ముఖమున నున్న హోర్ముజు. చీన, సింహళ శబ్దములు సంస్కృతమునుండి వచ్చినవి. హురుముంజి వర్తకుల నోటినుండి వచ్చినది. గ్రంథమార్గము, రేవుమార్గము రెండును ఒక్కచోట కలిసినవి.

ఐరోపావారి రాకతో రేవుమార్గము విశాలమయ్యెను. మచిలీపట్టణమున డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను వర్తకస్థానములు నెలకొల్పిరి. వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేర్లు అచట నేటికిని నిలిచియున్నవి. వలందా అను రూపము డచ్చివారు తమ దేశమున కిడుకొన్న పేరును గాక, పోర్చుగీసు భాషలోని ‘ఒలాంద’ను పోలియున్నది. జపానీయులు ఆ దేశమునే ‘ఒరందా’ యందురు. అదియు పోర్చుగీసు పదమే. ఇంగ్లండునకు వారు వాడు ‘ఇగిరిసు’ సైతము అట్టిదే. డచ్చివారికంటె ముందు పోర్చుగీసు నావికులు ఈ రెండు తీరములను చేరియుండుటయే యీ పోలికకు మూలము.

పరాసు శబ్దము హిందుస్తానీలోని ‘ఫరాసీసు’నకు చేరువ. దానిని పారసీక శబ్దముతో కలిపి తికమకపడరాదు. మొదటిది ఫ్రాన్సు, రెండవది ఈరాను. పరంగి యనునది ‘ఫ్రాంకు’ అను జాతినామమున పుట్టి, అరబ్బీ పారసీ భాషలమీదుగా వచ్చినది. బుడతకీచు శబ్దమును చూచి ‘బుడత’, ‘కీచు’ అని విడదీయ బుద్ధిపుట్టును. అది వినోదమే గాని వ్యుత్పత్తి గాదు. పోర్చుగీసు నామమునకే అది రూపాంతరము. చెన్నపురి జార్జిటౌనులోని ఆర్మీనియను వీధి తమిళుల నోట ‘అరణ్మనైక్కారన్ వీధి’ యైనది. అరణ్మనై యనగా రాజప్రాసాదము. తెలియని పేరును తెలిసిన మాటలోనికి మలచుకొనుట ప్రజల స్వభావము. ఆ మలుపును చరిత్రగా గ్రహించుట విమర్శకుని దోషము.

ఇంగ్లండు విషయము మఱింత విచిత్రము. తెలుగువారు పరభాషాపదమును గాక, తమ ‘సీమ’ శబ్దమునే దానికి చెల్లించిరి. సీమదొర, సీమసరకు అట్టివి. క్రమముగా సీమ యనగా పరదేశమను సామాన్యార్థమే యేర్పడెను. మెక్సికోనుండి వచ్చిన చెట్టు సీమచింత యైనది. బడిలో నల్లబల్లపై వ్రాయునది సీమసున్నము.

నేటి పాఠ్యగ్రంథములలో చీనా పోయి చైనా వచ్చెను. వలందా పోయి నెదర్లాండ్స్ వచ్చెను. నేటి వ్యవహారమునకు ఇవి కావలసినవే. పాతవానిని మరల ప్రతిష్ఠింప బూనుట వృథా. కాని అన్నిటిని ఆంగ్లోచ్చారణమునకు కట్టివేసినచో, తెలుగువారు లోకమును ఇంగ్లీషువారి కిటికీనుండి మాత్రమే చూచిరను భ్రాంతి పిల్లలకు కలుగును. అది అసత్యము. 2006 నాటి చట్టముచే తమిళమును తప్పక నేర్చు చెన్నపురి తెలుగుపిల్లలకు ఇందొక సౌలభ్యము గలదు. తమిళమున ‘ఒల్లాందర్’ అని చదివిన బాలునికి వలందా యన నేమో విడమరచి చెప్ప నక్కఱలేదు. భూగోళ పాఠమున క్రొత్త పేరు ప్రక్కన పాత పేరు నొక్కసారి ఉచ్చరించిన చాలును. మూడువందల యేండ్ల రేవుల చరిత్ర వారి చెవిని పడును.