కల్పనా కథలలో శీతకాలపు వరద

పలువురు కూడి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, ఒక అద్భుత కథను అప్పటికప్పుడు అల్లుకొను వినోదము నేటి విద్యార్థులలో కొందరికి పరిచితమే. 1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటతో ఇది ప్రసిద్ధికెక్కినది. ఇట్టి కథకు ఒక ఉపద్రవము కావలెను. శీతకాలపు వరద అందుకు చక్కగా పనికివచ్చును. కాని ఆ వరదను తరచుగా ఎట్లు కల్పింతురు? అర్ధరాత్రి కొండంత నీటిగోడ లేచి ఊరిని ముంచును. తెల్లవారునప్పటికి నీరు తీసిపోవును.

మాంత్రికులున్న కథలో శాస్త్రమెందుకని కొందరడుగవచ్చును. మంత్రమునకు మినహాయింపు ఈయవచ్చును గాని, నీటికి ఈయరాదు. అందరును కలిసి నడుపు కథలో ఒకరు చెప్పినదానినిబట్టి మరియొకరు నిర్ణయము చేయవలెను. నీరు ఏ నియమమునకును లోబడనిచో ఎవరును ఏమియు ముందుగా ఊహింపలేరు. పాత్రలకు పరుగెత్తుట తప్ప పని యుండదు.

నిజమైన శీతకాలపు వరదకు కారణములు గొలుసుకట్టుగా నుండును. 1947 మార్చిలో ఇంగ్లండులో వచ్చిన వరదను చూడుడు. దీర్ఘకాలము కురిసిన మంచు నేలపై పేరుకొనియున్నది. దానిపై వెచ్చని వాన పడి మంచు కరగినది. నేల గడ్డకట్టియుండుటచే నీరు ఇంకలేదు; అంతయు నదులలోనికి పరుగెత్తి, 'ఫెన్స్' అను పల్లపు ప్రాంతమున కరకట్టలకు గండ్లు పడినవి.

1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రమున వచ్చిన ఉప్పెన కథ వేరు. వాయుపీడనము 1 మిల్లీబారు తగ్గినచో సముద్రమట్టము సుమారు 1 సెంటీమీటరు పెరుగును. అనగా 40 మిల్లీబార్లు తగ్గినను పెరుగుదల 40 సెంటీమీటర్లే. మిగిలినది గాలి చేసిన పని. ఆ సముద్రము దక్షిణమునకు పోయినకొలది ఇరుకై లోతు తగ్గును. ఉత్తరపు పెనుగాలి నీటిని ఆ ఇరుకులోనికి నెట్టినది. దానికి పౌర్ణమి వెంట వచ్చు పెద్దపోటు తోడైనది. నెదర్లాండ్సులో 1,836 మంది, ఇంగ్లండులో 307 మంది మరణించిరి. 1977 నవంబరు 19న మన దివిసీమను ముంచిన ఉప్పెనలోను పీడనము, గాలి, లోతు తక్కువైన తీరము ఇట్లే కలిసి పనిచేసినవి.

ఇందు కథకులు గమనింపవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు. ఆ రాత్రి ఇంగ్లండు తూర్పుతీరమున లింకన్‌షైరును నీరు సాయంకాలము ఏడుగంటల ప్రాంతమున తాకినది. దక్షిణమున కాన్వీ ద్వీపమును ముంచినది అర్ధరాత్రి దాటిన తరువాత. నడుమ కొన్ని గంటల వ్యవధి యున్నది. కాని నీటితోపాటు హెచ్చరిక ప్రయాణము చేయలేదు. నీటిగోడ కథలో ఈ గంటలకు చోటే లేదు. నిజమైన వరదలో కథ యంతయు ఈ గంటలలోనే యున్నది.

ఈ సంగతి నెరిగిన రచన డోరొతీ సేయర్స్ 1934లో ప్రకటించిన 'ది నైన్ టైలర్స్' అను నేరపరిశోధక నవల. ఆమె బాల్యము ఫెన్స్ ప్రాంతముననే గడచినది. నవల చివర శీతకాలపు వరద వచ్చును. కాని దానికి బీజము ముందే పడినది. పాతబడిన లాకు తలుపులను బాగుచేయవలసినవారెవరను వివాదము తెగక, పని నిలిచిపోయియుండును. వరద వచ్చునాటికి గ్రామ మతాచార్యుడు ఏర్పాట్లు సిద్ధము చేసియుంచును, గంటలు మ్రోగును, జనులు చర్చిలో తలదాచుకొందురు. ఈ కారణకార్య సంబంధమే ఆ నవలలోని వరదకు బలము. లోపమును ఒకటి చెప్పవలెను: నేరముతో చిక్కుపడిన ఒక పాత్ర ఆ నీటిలోనే మరణించును. కథ ముడి విడుటకు ఇది అనుకూలమే గాని, నీరు పాపపుణ్యముల నెరుగదు. కలిసి కథ నడుపువారు వరదను తీర్పరిగా చేయరాదు.

ఇక చలి. నీరు గాలికంటె సుమారు ఇరువదియైదు రెట్లు త్వరగా శరీరపు వేడిని హరించును. 5 డిగ్రీల నీటిలో కొద్ది నిమిషములలోనే వ్రేళ్లు పట్టుతప్పును; మహావీరుడైనను త్రాడు ముడివేయలేడు. ఇంటికప్పు నెక్కి బ్రతికినవాడు తడిబట్టలతో తెల్లవారువరకు నిలువవలెను. నీరు తీసిన పిదప గింజలు కుళ్లును; వచ్చినది సముద్రపు నీరైనచో పొలము ఉప్పుబారును.

ఉపాధ్యాయులు ఈ వినోదమును తరగతిలో పరీక్షింపవచ్చును. ముందుగా పటము గీయించి ఎత్తుపల్లములు గుర్తింపజేయుడు. గాలి, పోటు, మంచులలో కారణమేదో నిర్ణయింపుడు. నీరు ఏ ఊరికి ఏ గంటకు చేరునో వ్రాయింపుడు. చివరగా రెండు ప్రశ్నలు వేయుడు: తలుపు బాగుచేయవలసినదెవరు? క్రింది ఊరికి కబురు పంపవలసినదెవరు? వీనికి జవాబు వెదకిన విద్యార్థి, సముద్రతీరమున తుపాను హెచ్చరిక విన్ననాడు, ఇంకను ఎన్ని గంటలున్నవని లెక్కించును. ఆ గంటలలో చేయవలసిన పనిని చేయును.