కార్డు రాజకీయం, గోలీ రాజకీయం

తెలుగునాట ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే డాక్టర్ పేరుకన్నా ముందు అడిగేది, "అక్కడ ఆరోగ్యశ్రీ ఉందా?" అనే. 2007 ఏప్రిల్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టిన పథకం అంతగా జనంలోకి పోయింది. అంతకు పన్నెండేళ్ల ముందే, 1995లో, పక్కనున్న తమిళనాడు మందుల కొనుగోలుకు ఒక సంస్థను నడపడం మొదలుపెట్టింది. పేరు తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్. ఆ పేరు చెప్పి ఓటడిగిన నాయకుణ్ణి నేనైతే చూడలేదు.

రెండూ పనిచేసే తీరు చూడండి. ఇక్కడ ఆస్పత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర కార్డు చూస్తాడు, ఫొటో తీయిస్తాడు, కాగితాలు పైకి పంపుతాడు. అప్రూవల్ వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ ప్రాణం గుప్పిట్లోనే. తరవాత ఖరీదైన ఆపరేషన్ పైసా లేకుండా జరిగిపోతుంది. అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒక పాస్‌బుక్ ఉంటుంది. ఏడాదికి కేటాయించిన సొమ్ము అందులో రాసి ఉంటుంది. ఫార్మసిస్టు దాన్ని పట్టుకుని జిల్లా గోడౌనుకు వెళ్లి కావలసిన మందులు తెచ్చుకుంటాడు, వాటి విలువ అందులోంచి తగ్గుతుంది. కంపెనీ పేరుతో కాకుండా మందు పేరుతో టెండరు పిలుస్తారు. శాంపిళ్లు ల్యాబులో పరీక్షించాకే సరుకు బయటికి పోతుంది. అమ్మకానికి కాదని స్ట్రిప్పు మీదే అచ్చేసి ఉంటుంది. ఇందులో కన్నీళ్లు తెప్పించే ఘట్టమేదీ లేదు, అందుకే సభల్లో చెప్పుకోవడానికీ ఏమీ లేదు.

తమిళ నాయకులు మనవాళ్లకన్నా సాధువులేం కాదు. 2009లో కరుణానిధి 'కలైజ్ఞర్' పేరుతో ఆరోగ్యశ్రీ లాంటి బీమా తెచ్చారు. జయలలిత రాగానే ఆ పేరు తీసేసి ముఖ్యమంత్రి పథకం చేశారు. మన దగ్గరా అంతే: రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. కానీ మందుల గోడౌన్ల జోలికి కరుణానిధీ పోలేదు, జయలలితా పోలేదు. ఫొటో వేసుకునే చోటు లేకపోవడమే వాటిని కాపాడిందని నా అనుమానం.

తెలుగు ఓటరును ఇక్కడ తప్పుపట్టలేం. ఆరోగ్యశ్రీకి ముందు గుండె ఆపరేషన్ కావాలంటే ముఖ్యమంత్రి సహాయనిధి కోసం ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడాలి. సర్కారు ఆస్పత్రికి పోతే స్ట్రెచర్ తోసేవాడి దగ్గర్నుంచి చేతులు తడపాలి. అలాంటివాడు ఏసీ గదుల ఆస్పత్రిలోకి తలెత్తుకుని నడవడం చిన్న సంగతా? ఆ గౌరవానికే ఓటు పడింది. కానీ అదే వై.ఎస్. ప్రభుత్వం ఊరూరికీ బీపీ, షుగర్ మందులు తీసుకెళ్లే 104 వ్యాన్లు కూడా తెచ్చింది. అవి తర్వాత్తర్వాత చాలాచోట్ల మూలనపడినా, ఆరోగ్యశ్రీ అంత ఎన్నికల గొడవ కాలేదు. నెలనెలా మింగాల్సిన గోలీ అందకపోతేనే కదా, కొన్నేళ్లకు స్టెంటు కోసం కార్డు తీసేది!

ఇక పోటీ అంతా అంకెల్లోనే. 2023 డిసెంబరులో తెలంగాణ ఆరోగ్యశ్రీ చికిత్స పరిమితిని 10 లక్షలు చేస్తే, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు చేసింది. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని ప్రైవేటు ఆస్పత్రులు సేవలు ఆపిన రోజున 10 లక్షలైనా 25 లక్షలైనా ఒకటే. మరోవైపు తమిళనాడు 2021లో ఇంటికే వెళ్లి బీపీ, షుగర్ మందులిచ్చే పథకం మొదలుపెట్టగలిగిందంటే, వెనకాల పాతికేళ్లుగా నడుస్తున్న గోడౌన్లున్నాయి.

ఆరోగ్యశ్రీ ఉండాల్సిందే, తీసేయమని ఎవరూ అనరు. కానీ ఈసారి ఓటడగడానికి వచ్చినవాళ్లను పరిమితి ఎన్ని లక్షలని అడక్కండి. మన పీహెచ్‌సీలో షుగర్ గోలీలు పోయిన నెల ఎందుకు లేవో అడగండి.