ఆరు అరల ఇనుమా

పుట్టింది బర్మింగ్‌హామ్ పొగలో, స్థిరపడింది బేస్తవారిపేట ఎండలో. ఆరు అరల ఇనుమా, తాతనాటి రివాల్వరా, ఈ ఇంట్లో నీ అంత వయసు ఇంకెవరికీ లేదు.

దసరా దగ్గరపడిందంటే బీరువా తాళం తీసి, పాత పంచె గుడ్డ పరిచి, నిన్ను దించుతాను. నీ మూతి మనిషి లేని గోడ వైపు. నా వేలు మీటకు దూరంగా. వెనక గొళ్లెం బొటనవేలితో నొక్కితే నడుం దగ్గర వంగుతావు. గొట్టం కిందికి వాలుతుంది, నక్షత్రంలాంటి బిళ్ల పైకి లేస్తుంది. అరలు ఆరూ ఖాళీయే. ఆ సంగతి ముందే తెలుసు. అయినా కంటిని నమ్మను, చిటికెనవేలితో ఒక్కొక్కటీ తడుముతాను. నిన్ను కొలవడంలో మొదటి మంత్రం అదే.

గొట్టంలోకి బ్రష్షు, దాని వెనక గుడ్డముక్క. మొదటిది నల్లగా వస్తుంది, తర్వాతది బూడిదరంగులో, ఆ తర్వాత తెల్లగా. వెలుతురుకు పెట్టి చూస్తే లోపల మెలితిరిగిన చాళ్లు మెరుస్తాయి. వాటి మధ్య అక్కడక్కడా చిన్న గుంటలు. పొటాషియం క్లోరేట్ కలిసిన పాత తూటా పేలితే ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పు గాలిలోని చెమ్మను పిలుచుకుంటుంది. నూనెకు కరగదు, నీళ్లకే కరుగుతుంది. ఆ సంగతి తెలియక ఎవరో ఒట్టి నూనె రాసి ఊరుకున్న పాత రోజుల గుర్తులవి.

ఇత్తడి బిందెలకు చింతపండు పెట్టి తోమే అవ్వను తాత నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదట. పులుపు తగిలితే నీ ఒంటి నీలం నిలవదు. ఆ నీలం కూడా ఒక తుప్పేనని ఎంతమందికి తెలుసు? ఎర్రతుప్పు ఇనుమును తింటుంది, నల్లతుప్పు ఇనుమును కాస్తుంది. కాచే తుప్పును పనిగట్టుకుని ఎక్కించి పంపారు నిన్ను చేసిన వెబ్లీవారు. అందుకే గరుకు కాగితం నీ మీద పెట్టను. పెడితే నీలంతో పాటు 1813లో వెలసిన బర్మింగ్‌హామ్ పరీక్షశాల కొట్టిన కిరీటం ముద్ర పోతుంది, వెబ్లీవారి రెక్కల తూటా గుర్తూ పోతుంది. ముఖం చెరిపేసుకున్నాక మెరుపు ఎవరికి?

వేరుశనగ నూనె జిగురు కడుతుంది, కొబ్బరినూనె చలికి పేరుకుంటుంది. కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు నీకు. ఆఖరున నూనె గుడ్డతోనే పట్టుకుని తోలు ఒరకు దూరంగా పడుకోబెడతాను. తోలు తనలోని చెమ్మనూ ఆమ్లాన్నీ నీకు అంటిస్తుంది. ఆయుధపూజ నాటి కుంకుమబొట్టు కూడా హారతి చల్లారగానే తుడిచేస్తాను. తడిబొట్టు తెల్లారేసరికి తుప్పుమచ్చ అవుతుంది. అమ్మవారు ఏమీ అనుకోదులే.

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దండు గిద్దలూరు దగ్గర కుంపిణీ సైన్యంతో తలపడిన నేల ఇది. 1878 ఆయుధాల చట్టం వచ్చాక ఇక్కడ తుపాకీ ఉండాలంటే దొరల కాగితం ఉండాలి. తాత ఊరి మునసబు. శిస్తు సొమ్ము మూటగట్టుకుని తాలూకా ఖజానాకు పోయే దారిలో నువ్వు ఆయన నడుమున ఉండేదానివి. 1984లో మునసబుగిరీ పోయింది, నువ్వు మిగిలావు. నీ లైసెన్సు పుస్తకం తిరగేస్తే మొదట కర్నూలు జిల్లా ముద్ర, 1970 తర్వాత ఒంగోలు జిల్లాది, 1972 తర్వాత ప్రకాశం జిల్లాది. ఇల్లు కదలకుండానే మూడు జిల్లాల పేర్లు మోశావు! ఎన్నికలొస్తే పోలీసుస్టేషనుకు పోయి వస్తావు, వచ్చిన రోజే మళ్లీ గుడ్డా నూనే.

ఇంతకాలంలో తాత నిన్ను మనిషి మీదికి ఎత్తలేదు. నాయనా ఎత్తలేదు. నేను నీకు పాడే కీర్తనంతా దాని కోసమే. నువ్వు ఎవరి ప్రాణమైనా తీసి ఉంటే ఈ నూనె చుక్కకు నా చెయ్యి వచ్చేది కాదు.

మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు పాత ఇళ్ల భోషాణాల్లో ఇలాంటివి ఇంకా ఉండే ఉంటాయి. కనిపిస్తే మీట ముట్టుకోకండి, ఖాళీదేలే అనుకోకండి. లైసెన్సున్న మనిషి పోతే ఆయుధాన్ని పోలీసుస్టేషనులో గానీ లైసెన్సున్న దుకాణంలో గానీ అప్పజెప్పి, రసీదు తీసుకుని, వారసుడి పేర అర్జీ పెట్టండి. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 70 ఏళ్లు నిండినవాళ్లు, లేదా 25 ఏళ్లుగా ఆయుధం ఉంచుకున్నవాళ్లు, బతికుండగానే వారసుడికి దాన్ని మార్పించవచ్చు. పెద్దాయన ఉండగానే ఆ పని చూసుకోండి.