‘సువర్ణరేఖ’యందు కాందిశీకుల జీవికయు సంఘబంధమును

యుద్ధమును వర్ణించిన కావ్యములు మన వాఙ్మయమున పెక్కులు గలవు. యుద్ధానంతరమున మిగిలినవారు మరల ఎట్లు బ్రదికిరో చెప్పిన కావ్యములు మిక్కిలి తక్కువ. మహాభారతమున ధర్మరాజు పట్టాభిషిక్తుడైన పిదప, భర్తలను, పుత్రులను కోల్పోయిన స్త్రీలను, దీనులను, అంధులను ఆదరించి పోషించెనని శాంతిపర్వము చెప్పుచున్నది. అది కొలది శ్లోకములలో ముగియు ప్రసంగము. పదునెనిమిది దినముల సంగ్రామమునకు భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య పర్వములను వినియోగించిన మహర్షి, ఆ దిక్కులేని స్త్రీలు తరువాత ఏ పని చేసికొని, ఎవరి పొత్తున బ్రదికిరో చెప్పలేదు. ఇది దోషమని మా తాత్పర్యము కాదు. ఆ కావ్యప్రయోజనము వేఱు. కాని ఆ ప్రశ్న మాత్రము మిగిలియే యున్నది.

1947 ఆగష్టులో దేశవిభజన జరిగిన పిదప ఆ ప్రశ్న లక్షలాది కుటుంబములకు నిత్యజీవిత సమస్య యయ్యెను. దానిని ప్రధాన వస్తువుగా గ్రహించిన కృతులలో ఋత్విక్ ఘటక్ (1925–1976) దర్శకత్వమున వెలువడిన వంగ చలనచిత్రము ‘సువర్ణరేఖ’ ముఖ్యమైనది. ఇది 1962లో నిర్మింపబడి 1965లో విడుదలయ్యెను. చలనచిత్రమును సాహిత్య పత్రికలో విమర్శింపవచ్చునా యని కొందరు శంకింతురేమో. దృశ్యమును కావ్యభేదముగా అనాదిగా అంగీకరించిన మనకు ఆ శంక అనవసరము. ఇతివృత్తము, పాత్ర, రసము అను మూడింటిని పట్టి దీనిని పరిశీలింపవచ్చును. ఊరు కోల్పోయినవారికి జీవిక ముందా, సంఘబంధము ముందా యను ప్రశ్నకు ఈ కృతి యిచ్చు సమాధానమును నిరూపించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

కథను పరిశీలించుటకు పూర్వము దాని చారిత్రక భూమికను కొంత తెలిసికొనవలెను. పంజాబునందు జనుల రాకపోకలు కొలది నెలలలోనే చాలవఱకు ముగిసెను. అటునుండి వచ్చినవారికి, ఇటునుండి పోయినవారు విడిచిన భూములను ప్రభుత్వము పంచిపెట్టగలిగెను. వంగదేశమున అట్లు జరుగలేదు. వలస ఏండ్ల తరబడి సాగెను. 1950 ఏప్రిల్‌లో నెహ్రూ, లియాకత్ అలీఖానుల మధ్య ఒడంబడిక కుదిరినప్పుడు, వచ్చినవారు తమ ఊళ్లకు తిరిగి పోవుదురను ఆశ పాలకులకు ఉండెను. 1951 జనాభా లెక్కలనాటికి పశ్చిమ వంగమున కాందిశీకుల సంఖ్య సుమారు 21 లక్షలు. చోటు చూపువారు లేక వారిలో అనేకులు కలకత్తా పరిసరములందలి బీడు భూములను, సైన్యము విడిచిపోయిన నివాసములను ఆక్రమించి తామే కాలనీలు కట్టుకొనిరి. జాదవ్‌పూరు చెంతనున్న విజయగఢ్ అట్టి తొలి కాలనీలలో ఒకటి. 1951కి ముందు వెలసిన ఇట్టి కాలనీలు 149 అని తరువాత లెక్క తేలెను. ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. పెక్కు కాలనీలలో నిలుకడయైన జీవనోపాధి దొరకకమునుపే కమిటీయు బడియు పుట్టెను. ఒక జిల్లావారు, ఎఱిగినవారు ఒకచోట చేరిరి. పాత ఊరి బంధుత్వమే కొత్త ఊరికి పునాదిరాయి యయ్యెను.

‘సువర్ణరేఖ’ ఇట్టి కాలనీలోనే ప్రారంభమగును. దాని పేరు నవజీవన కాలనీ. ఈశ్వర చక్రవర్తి యను యువకుడు పసిది యగు చెల్లెలు సీతతో అచట తలదాచుకొని, మిత్రుడైన హరప్రసాదుతో కలిసి బడి నడుపుటకు పూనుకొనును. తక్కువ కులమునకు చెందిన కౌసల్య యను స్త్రీ కొడుకును వెంటబెట్టుకొని వచ్చి చోటు అడుగగా, జిల్లా వేఱనియు, కులము వేఱనియు అడ్డంకులు పుట్టును. ఆమెను భూస్వామి మనుష్యులు బలవంతముగా తీసికొనిపోవుదురు. దిక్కులేనివాడైన బాలుడు అభిరాముని ఈశ్వరుడు చేరదీయును. పిదప పాత సహాధ్యాయి రాంవిలాసు, సువర్ణరేఖా నదీతీరమున ఛాతింపూరులోని తన ఇనుప పోతల కర్మాగారమున కొలువిచ్చెదననగా, ఈశ్వరుడు పిల్లలతో కాలనీని విడిచిపోవును. హరప్రసాదు అతనిని పిరికివాడని నిందించును.

పిల్లలు పెరిగి పరస్పరానురక్తులగుదురు. రైలుస్టేషనులో చనిపోవుచున్న స్త్రీని అభిరాముడు తన తల్లిగా గుర్తింపగా అతని కులము వెల్లడి యగును. ఆచారపరుడైన రాంవిలాసు భాగస్వామ్యము ఇవ్వజూపుచున్న సమయమది. ఈశ్వరుడు వెనుదీసి, సీతకు వేఱు సంబంధము కుదుర్చును. పెండ్లినాటి రాత్రి ఆమె అభిరామునితో కలకత్తాకు వెడలిపోవును. అచట బస్సు నడుపుచు జీవించు అభిరాముడు, ఒక పిల్ల బస్సుక్రింద పడి మరణింపగా, గుంపుచేత హతుడగును. సీత వచ్చినవారికి పాట పాడి పొట్ట పోసికొనవలసినదగును. మద్యము మత్తున ఆమె యింటికి తొలుత వచ్చినవాడు ఈశ్వరుడే. ఆమె ప్రాణములు విడుచును. ఆమె కొడుకు బినూను వెంటబెట్టుకొని ఈశ్వరుడు నదీతీరమునకు మరలును.

ఈ కృతిపై రెండు అభిప్రాయములు ప్రచారమున నున్నవి. ఈశ్వరుడు కాలనీని విడిచిన ద్రోహి, అతని పతనము ఆ ద్రోహమునకు ఫలము అనునది మొదటిది. ఇతివృత్తమున కాకతాళీయములు మితిమీరినవి అనునది రెండవది. మొదటిదానితో మేము ఏకీభవింపజాలము. రెండవదానిని కొంతవఱకే అంగీకరింతుము.

ఈశ్వరుని ద్రోహిగా నిరూపింపవలెనన్న, అతడు విడిచిన కాలనీ నిజముగా ఒక సంఘమై యుండవలెను. కాని కవి ఆ కాలనీని మనకు చూపిన తొలి క్షణములలోనే అది కౌసల్యకు తలుపు మూసినది. కాందిశీకురాలు కాందిశీకులచేతనే మరల నిర్వాసిత యైనది. ఇల్లు పోగొట్టుకొన్నవారు పాత ఊరి జ్ఞాపకములను మాత్రము పోగొట్టుకొనలేదు. వానితోపాటు పాత ఊరి గీతలనుగూడ మోసికొనివచ్చిరి. ఏ బంధము వారిని నిలువబెట్టినదో ఆ బంధమే ఇతరులకు కంచె యైనది. హరప్రసాదు నిందలో ధర్మము లేకపోలేదు, కాని అది అసంపూర్ణము. అతడు కాపాడదలచిన నవజీవనమున కౌసల్యకు చోటు లేదు.

ఇక జీవిక మాట. రాంవిలాసు కొలువు ఈశ్వరునకు కూడును గూడును ఇచ్చినది. ఆకలితో నున్న పిల్లల కొఱకు పనికి పోవుట పాపమని ఎవ్వరును అనలేరు. అయితే ఆ జీవిక ఏ స్వభావము గలదో విచారింపవలెను. అది హక్కు కాదు, పదిమంది కలిసి సంపాదించుకొన్నది కాదు. ఒక స్నేహితుని దయ. దయచే వచ్చిన జీవిక దాత యొక్క నమ్మకములకు లోబడియుండును. కావుననే అభిరాముని కులము తెలిసిన క్షణమున, వానిని కొడుకువలె పెంచిన ఈశ్వరునకు తన మనస్సు కంటె యజమాని మొగము ముందుగా కనబడినది. ఒకనాడు కాలనీవారు జిల్లా పేర, కులము పేర చేసినదానినే అతడు ఉద్యోగము పేర చేసెను. కథాంతమున ఆ కొలువును, దానితోకూడిన యింటిని అతడు కోల్పోవుట ఇందుచేతనే ఔచిత్యవంతముగా నున్నది. దయ ఇచ్చినదానిని దయయే తీసికొనిపోయినది.

కావున ఈశ్వరుడు, హరప్రసాదు పరస్పర విరుద్ధ పాత్రలని మేము తలంపము. ఒకడు బంధమును పట్టుకొని జీవికను లెక్కచేయలేదు. కాలనీలో హరప్రసాదు కుటుంబము చితికిపోయెను, భార్య ఆత్మహత్య చేసికొనెను. మఱియొకడు జీవికను పట్టుకొని బంధమును త్రెంచుకొనెను. ఉరిపోసికొనబోవు ఈశ్వరుని కిటికీవద్ద హరప్రసాదు మరల కనబడునప్పుడు ఇరువురి ఓటమియు ఒక్కటే యని స్పష్టమగును. జీవిక, సంఘబంధము అనునవి ఒకదాని వెనుక ఒకటి వచ్చునవి కావనియు, ఒకదానిని విడిచి రెండవది నిలువదనియు ఈ కృతి సిద్ధాంతము. ఏ బంధమైనను దానిని వెలుపలనున్నవారికి తెఱచినప్పుడే బంధమగును.

అభిరాముని మరణఘట్టము ఈ సిద్ధాంతమునకు బలము చేకూర్చుచున్నది. అతనికి పని దొరికినది. భార్య, బిడ్డ, గది కలవు. లేనిది, ఆపదలో అతని పేరు చెప్పి అడ్డుపడగల ఒక్క మనిషి. సంఘము లేనిచోట గుంపు ఉండును. సంఘము ‘వీడు ఎవడు?’ అని విచారించును. గుంపునకు ఆ విచారము లేదు.

కాకతాళీయముల యాక్షేపణ కూడ ఇచట కొంత సమాధానపడును. ఊరిలో మనుష్యులు కలిసికొనుటకు సంతలు, జాతరలు, పెండ్లిండ్లు అను నియత స్థానములు గలవు. అవి నశించిన జనులు కలిసికొన్నచో రైలుస్టేషనులో, దారిలో, అకస్మాత్తుగానే కలిసికొందురు. తల్లీకొడుకుల కలయిక ఇట్టిది, కావున అది వస్తువునకు తగినదే. సీత యింటికి ఈశ్వరుడే వచ్చుట మాత్రము కవి చేయి కనబడు ఘట్టము. అచట కరుణకంటె బీభత్సము ముందు నిలిచి రసమును కలచుచున్నది.

ఇంతకంటె ముఖ్యమైన లోపము మఱియొకటి కలదు. సీతకు పాట తప్ప వేఱొక జీవికను కవి ఊహింపలేదు. వంగ కాందిశీక కుటుంబముల స్త్రీలెందరో ఉపాధ్యాయినులుగా, గుమాస్తాలుగా, కుట్టుపనివారుగా తొలిసారి గడప దాటి కుటుంబములను నిలిపిరి. ఆ సత్యము ‘సువర్ణరేఖ’లో లేదు. అది ఇదే దర్శకుడు శక్తిపద రాజగురు నవల ననుసరించి 1960లో నిర్మించిన ‘మేఘే ఢాకా తారా’లో కలదు. అందు నీత యను పెద్దకూతురి సంపాదనమీద ఇల్లంతయు నిలుచును, ఆ యింటివారి అవసరములే ఆమెను క్షయకు అప్పగించును. కావున ఈ రెండు కృతులను కలిపి చదువుట మేలు. సంఘము మోయవలసిన బరువును ఒక్క కుటుంబము మోసినచో అందొక స్త్రీ కూలిపోవునని రెండవది చెప్పుచున్నది.

రామాయణ నామములు తెలుగు పాఠకుని వెంటనే ఆకర్షించును. సీత, అభిరాముడు, కౌసల్య అను పేర్లు యాదృచ్ఛికములు కావు. భూమిజయగు సీత కథను ముదుసలి యుద్యోగి యొకడు బాలికకు చెప్పును. ఉత్తరకాండమును తిక్కన మొదలు కంకంటి పాపరాజు వఱకు తెనుగున చదువుకొన్న మనకు, పరిత్యక్తయైన సీత భూగర్భము చేరుట తెలిసినదే. కాని రాముని వనవాసమునకు పదునాలుగేండ్ల గడువు కలదు, ఎదురుచూచు అయోధ్య కలదు. ఈ సీతారాములకు గడువు లేదు, అయోధ్య లేదు. పురాణనామములు పోలికను సూచించి, పోలిక తప్పినచోటనే గాఢముగా నాటుకొనుచున్నవి.

ఈ కృతి నిర్మితమైన పిదప జరిగిన చరిత్ర కౌసల్యా ఘట్టమునకు సాక్ష్యమైనది. 1958లో ప్రారంభమైన దండకారణ్య ప్రణాళికక్రింద కాందిశీకులను బస్తరు, కోరాపుట్టి ప్రాంతములకు పంపిరి. కలకత్తా కాలనీలలో పైకులములవారు ఎక్కువ. శిబిరములనుండి అడవులకు పోయినవారిలో నామశూద్రులు మొదలగువారు ఎక్కువ. భూమి ఇచ్చిరి, కాని నీరును, తమ భాషవారి పెద్ద సమాజమును ఈయలేకపోయిరి. 1978లో అనేక కుటుంబములు ఆ భూములను విడిచి సుందరవనములందలి మరీచ్‌ఝాపీ దీవికి చేరి, ఎవరి సాయమును లేకయే బడి, వైద్యశాల, పడవల పని, చేపల పెంపకము నెలకొల్పుకొనిరి. జీవికయు సంఘబంధమును ఒక్కసారిగా కట్టుకొన్న ఆ ప్రయత్నమును 1979లో ప్రభుత్వము బలప్రయోగముతో తొలగించెను. ఇది మనకు దూరపు ముచ్చట కాదు. దండకారణ్యమున ఆ కాలనీలు వెలసిన మల్కనగిరి మన సరిహద్దునకు ఆనుకొనియున్నది. తెలంగాణమున కాగజ్‌నగరము పరిసరములందును తూర్పువంగ కాందిశీకుల కాలనీలు కలవు.

‘సువర్ణరేఖ’ కేవల కరుణరస కావ్యమని ముగించినచో దానికి అన్యాయము చేసినవారమగుదుము. కరుణ ప్రేక్షకుని కన్నీటితో తృప్తిపడును. ఈ కృతి విచారమును కోరుచున్నది. చివర బినూ క్రొత్త యింటికై నడచును. ఆ యిల్లు ఉన్నదని కవి చెప్పడు, లేదనియు చెప్పడు. అది కట్టవలసినదే యనియు, దాని తలుపు కౌసల్యవంటివారికి తెఱచియుండవలెననియు కథ యంతయు చెప్పియున్నది. కాందిశీకుల సాహిత్యమును విమర్శించువారు ఎంత దుఃఖము చిత్రింపబడెనని మాత్రమే కొలువక, ఆ దుఃఖమునుండి కట్టబడిన క్రొత్త ఊరిలో ఎవరికి చోటు లేకపోయెనో పరిశీలింపవలెనని మా మనవి.