కాంపౌండర్ పేరు ఎక్కడా రాసి ఉండదు

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరే తమ పేరు, చూసే విభాగం చెబుతారు. తర్వాత అభ్యర్థి వంతు. బాగానే మాట్లాడతాడు. వెళ్లేముందు ధన్యవాదాలు చెప్పబోతే ఆ మూడు పేర్లలో ఒక్కటీ నోటికి రాదు. బయటికొచ్చి తన మతిమరుపును తిట్టుకుంటాడు. అటువైపు కుర్చీలో చాలాసార్లు కూర్చున్న నాకు, ఆ తిట్టు అన్యాయమనే అనిపిస్తుంది.

1973లో మాల్కమ్ బ్రెన్నర్ అనే పరిశోధకుడు కొందరిని కూర్చోబెట్టి వరుసగా తలొక మాట పైకి చదివించాడు. తమ వంతుకు కాస్త ముందు పక్కవాళ్లు చదివిన మాటలే వాళ్లకు బాగా తక్కువ గుర్తున్నాయి. ఇంటర్వ్యూలోనూ అంతే. వాళ్లు పేర్లు చెబుతుంటే మనం లోపల మన మొదటి వాక్యం కూర్చుకుంటుంటాం. చెవిన పడని పేరును మరిచిపోవడం ఎక్కడిది? ఆ మొదటి వాక్యమేదో ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వెళితే, పేర్లు చెప్పే ఆ అర నిమిషం వినడానికి మిగులుతుంది.

విన్నది నిలవాలంటే మన అవధానులు చేసే పని చూడాలి. అష్టావధానంలో సమస్య ఇచ్చిన పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి, మిగతావాళ్లందరినీ చుట్టి వచ్చి, అప్పుడు రెండో పాదం అందుకుంటారు. చివర్లో ధారణ. ప్రతి చుట్టులోనూ పాతదాన్ని మళ్లీ పైకి తీయాల్సిందే. లాండవర్, బ్యోర్క్ అనే పరిశోధకులు 1978లో పేర్ల మీదే చేసిన ప్రయోగాల్లోనూ ఇలా ఎడం పెంచుకుంటూ గుర్తుచేసుకోవడం బాగా పనిచేసింది. పేరు విన్న వెంటనే ఒకసారి, కాసేపాగి ఒకసారి, మెట్లు దిగుతూ ఇంకోసారి. వరసగా పదిసార్లు గొణుక్కోవడం కంటే ఇదే మేలు.

ఈ విద్యను నిత్యం సాధన చేసేవాళ్లు మెడికల్ రెప్‌లు. డాక్టరుగారి పేరు గుమ్మం మీదే ఉంటుంది, చదువుకుంటే చాలు. కాంపౌండర్ పేరు ఎక్కడా రాసి ఉండదు, అడగాలి. మంచి రెప్ అడుగుతాడు. వచ్చే నెల వచ్చినప్పుడు ‘రమణగారూ, బాగున్నారా?’ అంటాడు. లోపలికి పంపేది ఆయనే కాబట్టి పని తేలికవుతుంది, నిజమే. కానీ రోజంతా ‘ఏమయ్యా’ అని పిలిపించుకునే మనిషి మొహం ఆ పిలుపుకు విప్పారడం నేను చూశాను. నాకు అది ఆర్డరు కంటే పెద్ద విషయం.

మనుషులతో మెలగడం గురించి డేల్ కార్నెగీ 1936లో పుస్తకం రాసినప్పటి నుంచీ, ఎదుటివారిని పేరు పెట్టి పిలవమని అమ్మకాల శిక్షణలో నేర్పుతూనే ఉన్నారు. మన దగ్గర కొంచెం ఆచితూచి నడవాలి. పాతికేళ్ల కుర్రాడు అరవై ఏళ్ల మనిషిని ‘గారు’ లేకుండా పిలిస్తే బేరం అక్కడే చెడుతుంది. బట్టల కొట్లో ‘అమ్మా’ చాలు, పేరు అక్కర్లేదు. ఇక ఫోను చేసి, స్క్రీన్ మీద చూసి ఇంటిపేరుతో సహా మన పేరంతా చదివి, మాటమాటకీ అదే అనేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ఆ పేరు వాళ్లు మనల్ని అడిగి తెలుసుకున్నది కాదు.

ఇంటర్వ్యూలో పేరు సరిగ్గా వినపడకపోతే మాత్రం అప్పటికప్పుడే అడగండి. ‘క్షమించండి మేడమ్, మీ పేరు ఇంకోసారి చెబుతారా?’ అన్న అభ్యర్థికి ఏ బోర్డులోనూ నేను మార్కులు తగ్గించలేదు.