పొరుగు నేర్పిన పాట

వేసవి ముదిరేసరికి బస్తర్ అడవిలో చలికాలపు అతిథులు కనిపించవు. ఆకుల్లో ఆకులై తిరిగిన గ్రీనిష్ వార్బ్లర్లు గూళ్ల కోసం హిమాలయాల దాకా, ఆపైన సైబీరియా దాకా వెళ్లిపోతాయి. ఆ రోజుల్లోనే, తన బంధుగణానికి ఎంతో దూరాన, ఇక్కడి చెట్టు తొర్రల్లో పిల్లల్ని సాకుతుంది కొండ గోరింక. అక్కడివాళ్లకు పహాడీ మైనా; ఛత్తీస్‌గఢ్‌కు రాష్ట్ర పక్షి. ఈ జాతి హిమాలయ పాదాల నుంచి ఆగ్నేయాసియా దాకా పరుచుకుని ఉంది. గంగా మైదానానికి ఇవతల బస్తర్, ఒడిశా, ఉత్తరాంధ్ర కొండల్లో విడిగా మిగిలిన శాఖ ఇది. 1933లో విస్లర్, కినియర్ దీన్ని ప్రత్యేక ఉపజాతిగా వర్ణించారు.

ముందు రూపం. నలుపే, కానీ ఎండ తగిలితే తల మీద ఊదా, వీపు మీద ఆకుపచ్చ నిగనిగలాడతాయి. నారింజ రంగు ముక్కు, కంటి కింద మొదలై మెడ వెనక్కి పాకే పసుపు తోలు, పసుపు కాళ్లు. రెక్క విప్పితే తెల్లని పట్టీ. ఆడా మగా తేడా కంటికి ఆనదు. ఎగిరినప్పుడు రెక్కల హోరు వినిపిస్తుంది. పిట్ట కంటే ముందు శ్రుతి వచ్చి చేరినట్టు.

ఇక గొంతు. సాల అడవి, టేకు అడవి కలిసే బస్తర్‌లోని కాంగేర్ లోయలో తెల్లవారుతుంటే చిటారు కొమ్మ నుంచి ఒక ఈల లేస్తుంది. అది పూర్తికాకముందే గరగరమనే గురక, దాని మీద సన్నటి కేక, మళ్లీ గుండ్రని తియ్యని ఈల. ఒకే కంఠంలో ఇంత కరుకు, ఇంత నునుపు పక్కపక్కనే ఉండటంలోనే దీని రసం. తియ్యదనం ఒక్కటే అయితే చెవి త్వరగా తనిసిపోయేది.

మనిషి మాట పలుకుతుందనే కదా దీన్ని పంజరంలో పెట్టారు! అడవిలో మాత్రం ఇది పరాయి పక్షి గొంతును ఎత్తుకోదు. ఆ విద్య భీమరాజు అనే పక్షిది. బ్రయాన్ బెర్ట్రామ్ 1970లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఒక్కో కొండ గోరింకకు మూడు నుంచి పదమూడు దాకా పిలుపులుంటాయి. వాటిని పసితనంలో ఇరుగుపొరుగు నుంచి నేర్చుకుంటుంది, మగది మగవాటి నుంచి, ఆడది ఆడవాటి నుంచి. పదిహేను కిలోమీటర్లు దాటితే ఉమ్మడి పిలుపు ఒక్కటీ మిగలదు. హల్బీ, గోండీ, ధుర్వా, భోపాలపట్నం వైపు తెలుగు వినిపించే ఈ నేలలో పక్షి కూడా ఊరూరికీ యాస మార్చుకోవడం ఎంత తగిన సంగతి!

అలా చూస్తే ఈ గానం ఒక్క పిట్ట సొత్తు కాదు. చెట్టుకూ చెట్టుకూ మధ్య నడిచే సంప్రదాయం. పంజరంలోని మైనా మన మాటను ఎంత స్పష్టంగా పలికినా అది మెచ్చుకోదగిన నైపుణ్యమే తప్ప దాని సంగీతం కాదు. పొరుగు లేనివాడికి ఏ మాట దొరికితే అదే మాట. కాంగేర్ లోయలో ‘మైనా మిత్ర’లుగా గూళ్లను కనిపెట్టుకునే పల్లె యువకులు పక్షులతో పాటు వాటి బాణీని కూడా కాస్తున్నారు. తొర్ర ఉన్న ముసలి చెట్టును నరికితే ఒక గూడు పోతుంది. పొరుగు తొర్ర పిలుపు అందనంత దూరమైతే, నేర్చుకునే పిల్ల బతికే ఉన్నా పాట తెగిపోతుంది.